గుల్లనేల మీద మెత్తని ఫోర్కు

ఊట: మణికట్టు లావు

నన్ను అడగకుండా నా బండి విప్పారు. ముందు ఈ మాట రాస్తాను, మిగతాది తర్వాత. దారి చిట్టాలో కోపతాపాలు రాయకూడదని మామ అంటాడు. రాయడం ఇష్టం లేనివాళ్లు మానుకోవచ్చు. నేను మాత్రం రాస్తాను.

నీళ్ల వరుసలో నిలబడి రెండు బిందెలు నింపుకుని వస్తుంటే మా గూడుబండి నీడలో నా మోటార్‌సైకిల్ కనబడింది. ముందు చక్రం లేదు. రాయి మీద మూతి ఆనించి కూలబడి ఉంది. మెకానిక్ దస్తగిరి చేతిలో పానా. పక్కన గోనెపట్టా మీద బంగారు రంగులో రెండు లావాటి గొట్టాలు. వాటి ముందు మా మేనమామ సుంకన్న గొంతుక్కూర్చుని, కొత్త పెళ్లికొడుకును చూసినట్టు వాటిని చూసుకుంటున్నాడు.

"ఏం చేస్తాండారు?" అన్నాను.

"కొత్త ఫోర్కుమే, మారెక్కా!" అన్నాడు మామ. "సముద్రం దిక్కు సరుకు. రాళ్ల మీద పోయినా పరుపు మీద పోయినట్టే ఉంటాదంట."

"పాతది యాడ?"

దస్తగిరి పానాను తిప్పి తిప్పి చూసుకున్నాడు. బిడారు మొత్తానికీ మెకానిక్ అతనొక్కడే. అబద్ధం ఆడటం చేతకాదు, అందుకని చూపు తిప్పుకుంటాడు. పాత ఫోర్కు బిడార్లు తిరిగే సరుకులవాడితో పోయింది. దానికి తోడు మామ వెండి మొలతాడు కూడా పోయింది. సరుకులవాడు పొద్దున్నే తూర్పుకు బయలుదేరాడు, ఈపాటికి కొండ దాటి ఉంటాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. బిందెలు మాత్రం నెమ్మదిగానే కింద పెట్టాను. నీళ్లు కదా.

ముందు చక్రానికీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే ఆ రెండు కాళ్లే ఫోర్కు. పక్క బండ్లవాళ్లకు అది కుదుపులు తట్టుకునే సామాను, అంతే. నాకు అది చెవి. బిడారు కదిలిన రోజు నేను ముందు పోతాను, మేము కాపురముండే గూడుబండ్లన్నీ నా వెనక వస్తాయి. చక్రం నేలను కొట్టిన దెబ్బ ఫోర్కు మీదుగా నా అరచేతుల్లోకి వస్తుంది. గట్టినేల అయితే దెబ్బ దెబ్బలాగే వచ్చి ఆగిపోతుంది. కింద తోడుపురుగులు తొలిచిన గుల్ల ఉంటే దెబ్బ వెనకే ఒక సన్నని వణుకు వస్తుంది. వణుకు లేకపోతే ఒక్క హారన్, వణికితే రెండు. నా హారన్ విని ఇళ్లూ పొయ్యిలూ ముసలీ ముతకా అన్నీ కదులుతాయి, లేదా ఆగుతాయి.

తోడుపురుగులు మా ముత్తాతలు భూమిలోకి వదిలిన యంత్రాలు. నీళ్లు వెతకమని వదిలారు. చాలు ఆగండి అని చెప్పే ఉపాయం మాత్రం పెట్టలేదు. అవి ఇప్పటికీ తొలుస్తూనే ఉన్నాయి, పైకి వచ్చినచోట ఊట తెస్తున్నాయి, ఊటతోపాటే చుట్టుపక్కల నేలను గుల్ల చేస్తున్నాయి. ఊట ఎండగానే మేము ఇంకో ఊట వెతుక్కుంటూ పోవాలి. పోయిన నెల గట్టిగా ఉన్న దారి ఈ నెల ఉండదు. పటాలు గీయడం మా తాతల కాలంలోనే మానేశారు.

"ఏమిటికి మామా?" అన్నాను. "ఎవరు అడిగినారు నిన్ను?"

మామ తన చేతులు చూపించాడు. వేళ్లు లోపలికి వంగి అలాగే ఉండిపోయాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం ఆయనకు రాక చాలా ఏళ్లయింది. నాకు ముందు ఈ బండి ఆయనదే.

"ఇందుకు," అన్నాడు.

ఊట: ఇంకా మణికట్టు లావే

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. కొత్త ఫోర్కు అద్భుతంగా ఉంది. రాళ్లవాగు గర్భంలో బండి పోనిస్తే పళ్లు కొట్టుకోలేదు. భుజాలు బిగుసుకోలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి బండి నడుపుతూ చుట్టూ ఉన్న కొండలు చూశాను. దిగాక చేతులు చూసుకుంటే ఎర్రగా లేవు. ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత ఎర్రగుడ్డల గుల్ల దగ్గరికి పోయాను.

బిడారు దిగిన ప్రతిచోటా దగ్గర్లో ఉన్న గుల్ల చుట్టూ కర్రలు పాతి ఎర్రగుడ్డలు కడతాం, పిల్లలు ఆడుకుంటూ అటు పోకుండా. మోటార్‌సైకిల్ బరువుకు అది కూలదు, గూడుబండి ఎక్కితే కూలుతుంది. నేను పోయిన వారమే దాని అంచు చేతులతో పసిగట్టి గుడ్డలు కట్టించాను. ఈ రోజు దాని నడి నెత్తి మీదుగా పోయాను. నా చేతుల్లోకి ఏమీ రాలేదు. తిరిగి వచ్చాను. ఏమీ రాలేదు. వేగం పెంచి పోయాను. పట్టుకుచ్చు మీద చెయ్యి వేసినట్టు మెత్తగా ఉంది, ఏ కబురూ లేదు.

దస్తగిరిని పిలిచి ఫోర్కు నెత్తి మీద మరలు బిగించమన్నాను.

"బిగించినానక్కా."

"ఇంకా బిగించు."

"ఇంక తిరగదు. ఇదే కడ." అతను గొట్టం మీద అరచెయ్యి పెట్టి, బిడ్డకు జ్వరం చూసినట్టు చూశాడు. "దీని లోపల ఆయిలు సన్న సన్న బొక్కల్లోంచి పోతాది. పెద్ద గుంత వచ్చినా మింగుతాది, చిన్న వణుకొచ్చినా మింగుతాది. మింగేదానికే చేసినారు దీన్ని. పాతదాంట్లో స్ప్రింగులు ఎప్పుడో చచ్చిపోయినాయి, ఆయిలు లేదు. అందుకే నీకు అన్నీ తెలిసేవి."

"మరి విప్పేటప్పుడు ఈ మాట నోట్లోంచి రాలేదా?"

"సుంకన్న మామ చెప్పినాడు కదక్కా. నేల మీ వంశానికి పలుకుతాది, ఫోర్కుతో పనిలేదని. మీ ఇంటి సంగతి నాకేం తెలుసు?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా చేతులు కాపాడబోయి నా చేతుల్ని చెవిటివి చేశారు. దస్తగిరిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అతను పడవలసినవి కావు.

ఊట: బొటనవేలు లావు

హనుమక్క దగ్గరికి పోయాను. బిడారు పెద్ద ఆమె. ఊట పక్కన బండ మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటోంది. అంతా విన్నది, దారం కొరికింది.

"నేల మీ వంశానికి పలుకుతాదిమే," అంది. "ఇనుముకు పలకదు. మీ అవ్వ తోలింది ఏ బండి? మీ మామ తోలింది ఏ బండి? అందరికీ పలికింది."

"అందరూ మొద్దు ఫోర్కు మీద తోలినారు పెద్దమ్మా. అందుకే పలికింది. ఇప్పుడే ఎర్రగుడ్డల మీద పోయొచ్చినా. నాకు ఏమీ తెలీలేదు."

"కోపంలో ఉండావు నువ్వు. మనసు నిలకడగా లేకుంటే నేల ఏం పలుకుతాది?"

కోపంలో ఉన్నానట. నేను కోపంగా ఉన్నాను కాబట్టి నాకు తెలియలేదట. నాకు తెలియక కోపం వచ్చిందని చెబితే వినే చెవి ఆ ముఖానికి లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే.

"అయితే తెలీదని చెప్తాను అందరికీ," అన్నాను.

"ఎట్ల చెప్తావు? ఒక్క కూత గట్టి, రెండు కూతలు గుల్ల. మూడో కూత లేదు."

"అడుగడుక్కీ రెండు కూతలే పెడతా, సరేనా?"

"పెట్టు. చుట్టూ తిరిగి తిరిగి తొట్లలో నీళ్లు అయిపోయినాక అందరం ఒక్కచోటే పడుకుందాం." ఆమె చెప్పు తొడుక్కుని లేచింది. గొంతు తగ్గించింది. "మారీ, జనం నిన్ను చూసి ధైర్యంగా ఉండారు. వాళ్లకు ఫోర్కు గురించి చెప్పొద్దు."

ఆమె చెడ్డది కాదు. ఇంతమంది దాహం ఆమె నెత్తిన ఉంది. అయినా నాకు ఒళ్లు మండింది, ఇంకా మండుతోంది.

ఎందుకంటే ఇది ఆమెకు దూరపు సంగతి. నా వెనక మొదట వచ్చేది మా ఇంటి గూడుబండి. దాన్ని పూచీబండి అంటారు. నాలా ముందు పోయే ముందుబండి మనిషి అజాగ్రత్తగా కూత పెట్టకుండా ఎవరో తెలివైనవాళ్లు పెట్టిన ఆచారం. దాన్ని మామ తోలుతాడు, పగ్గం లివరును మోచేతులతో నొక్కి. లోపల నా చెల్లెలు గంగమ్మ ఉంటుంది. నేను తప్పు కూత పెడితే మొదట కిందికి పోయేది వాళ్లిద్దరే. పండుగల్లో మొదటి తాంబూలం మా ఇంటికే ఇస్తారు. గుల్లలోకి మొదటి చావు కూడా మాకే ఇచ్చారు.

ఊట: చిటికెనవేలు

అన్నం దగ్గర గొడవ జరిగింది. గంగమ్మ సంగటి ముద్ద విరిచి, పప్పులో అద్ది మామ నోట్లో పెడుతోంది. అది మా ఇంట్లో రోజూ జరిగేదే. గంగమ్మ చేతులు బిడారులో అందరికీ కావాలి. ఎండపట్టాల్లో వెంట్రుకంత సన్నని తీగలు తెగితే ఆమె ఒక్కతే అతకగలదు. ఆ పట్టాలు ఎండను పట్టుకుంటేనే బండ్లకు కరెంటు.

"మొన్న నీ చేతిలోంచి చెంబు జారింది," అన్నాడు మామ. "ఆ ముందురోజు కూడా జారింది. నాకు అట్లనే మొదలైందిమే. చూస్తా ఊరుకోమంటావా?"

"నన్ను అడగమంటాను."

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను! నీ చేతులు పోయినాయి, నిజమే. కానీ నీ వెనక ఒక్క గూడన్నా మునిగిందా? రేపు నా చేతులు బాగుండి గంగమ్మ మునిగితే, ఆ చేతులు ఏం చేసుకోవాల? కొరివి పెట్టుకోవాల్నా?"

గంగమ్మ ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. మామ నోరు తెరిచి ఉంది, అది కూడా అలాగే ఆగింది.

"మన వంశానికి..." అన్నాడు చివరికి.

"వంశం! వంశం! చొక్కా గుండీ పెట్టుకోలేని వంశం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఆ మాట చెప్పి చెప్పి మీ అమ్మ చేతులు తిన్నారు, నీ చేతులు తిన్నారు. నువ్వు కూడా నమ్మినావు చూడు, దానికి ఏడవాల."

మామ లేచి బయటికి పోయాడు. సగం ముద్ద మిగిలింది. గంగమ్మ లేచింది. పళ్లెం తీసి కడగడానికి వాడే ఇసుక మీద గట్టిగా రుద్దింది, అంతసేపు రుద్దాల్సిన పళ్లెం కాదది.

ఊట: దారం

ఊట దారమైతే ప్రయాణం కట్టాలి. వేగులవాళ్లు పడమట కొత్త ఊట చూసి వచ్చారు. మధ్యలో తెల్లమిట్ట. దాన్ని చూస్తే ఎవరైనా గట్టినేల అనుకుంటారు. అలా అనుకున్న పక్క బిడారు ఒకటి పోయిన వేసవిలో కనబడకుండా పోయింది.

పొద్దున్నే దస్తగిరి దగ్గరికి పోయి ఒకే ఒక ప్రశ్న అడిగాను. ఈ ఫోర్కును దెబ్బకు లోపలికి దిగకుండా చేయగలవా?

అతను చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "స్ప్రింగులు తీసేసి, వాటి కొలతకు కట్టెలు కోసి లోపల పెట్టొచ్చు. ఆయిలు వంపేయొచ్చు. అప్పుడిది ఫోర్కు కాదక్కా, గడ్డపార. పాతది చచ్చినా కొంచెం దిగేది. ఇది అసలు దిగదు. ప్రతి రాయీ నేరుగా నీ మణికట్టుకు తగుల్తాది. తెల్లమిట్ట దాటేసరికి నీ చేతులు..."

"తెలుసు. కొయ్యి."

"ఇంత మంచి సామాను చెడగొట్టడం నా వల్ల కాదు."

"చెడగొట్టడం కాదు. దానికి నోరు ఇస్తాండావు."

మామ ఎప్పుడు వచ్చాడో చూడలేదు. మా వెనక నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టే ఉంది. దస్తగిరి తీసిన వేపకట్టెను చూసి, మోచేత్తో పక్కకు తోశాడు.

"వేప మెత్తన," అన్నాడు. "తుమ్మ పెట్టు."

పోయి నీడలో కూర్చుని, దస్తగిరి తుమ్మకట్టె చెక్కడం చివరిదాకా చూశాడు. బంగారు గొట్టాల నెత్తి మూతలు విప్పి, మెరిసే స్ప్రింగులు బయటికి లాగి, కట్టెలు దించి, మళ్లీ మూతలు బిగించారు. బయటికి చూస్తే అదే కొత్త ఫోర్కు. బండి తీసుకుని ఎర్రగుడ్డల మీదుగా పోయాను. మొదటి రాయికే కళ్లలో నీళ్లు తిరిగాయి. గుల్ల మీదికి రాగానే ఆ సన్నని వణుకు తెలిసింది. అంత తేటగా ఎప్పుడూ తెలియలేదు.

దస్తగిరి నా వెనక సీటు మీద వస్తానన్నాడు. తను పెట్టిన కట్టె విరిగితే తను కూడా అక్కడే ఉండాలట.

కొత్త ఊట: మోచెయ్యి లావు

ఇది గంగమ్మ చేతిరాత. నేను చెబుతున్నాను, అది రాస్తోంది. నా కుడి మణికట్టు విరిగింది. ఎడమచేతి వేళ్లు వంగడం లేదు. ఎముకలు కట్టే బాలమ్మ వెదురుబద్దలు కట్టి, విరిగింది అతుకుతుందని చెప్పింది, వేళ్ల మాట ఎత్తలేదు.

జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఎందుకంటే బయట వేరే కథ పాడుతున్నారు.

తెల్లమిట్ట సగందాకా నా చేతులు పనిచేశాయి. రెండు గుల్లలు పట్టాను, రెండు కూతలు పెట్టాను, బిడారు పక్కకు తిరిగింది. ఆ తర్వాత ఎక్కడో కుడిచేతిలో ఏదో పుటుక్కుమంది. నొప్పి రాలేదు. నొప్పి రాకపోవడమే నన్ను భయపెట్టింది. చేతులు హ్యాండిల్ మీద ఉన్నాయి, అవి ఎవరి చేతులో నాకు తెలియలేదు. రాళ్లు తగులుతున్నాయని కళ్లతో చూస్తున్నాను. వెనక పూచీబండి చక్రాల చప్పుడు వినబడుతోంది. నేను కూత పెట్టాలి. ఏ కూత?

"దస్తగిరీ!" అని అరిచాను. "నా చేతులు పోయినాయి. నీ చేతులు పెట్టు!"

అతను వెనక నుంచి వంగి, నా రెండు చేతుల పక్కన తన చేతులు వేసి హ్యాండిల్ పట్టుకున్నాడు. మొదట రాళ్లు తగిలి "అల్లా!" అన్నాడు. కొంచెం దూరం పోయాక చెప్పాడు.

"అక్కా, ఇక్కడ వేరేగా ఉండాది."

"ఎట్ల వేరే?"

"బేరింగు అరిగిపోయిన మోటరు మీద చెయ్యి పెడితే ఉంటాదే, అట్ల. దెబ్బ అయిపోయినాక కూడా లోపల గరగరా అంటాది."

నాకు ఏమీ తెలియలేదు. అతని మాట మీద మోచేత్తో రెండు కూతలు కొట్టాను. మామ పూచీబండిని ఆపాడు. అందరూ దక్షిణానికి తిరిగారు. బిడారు తిరిగి, చివరి గూడు ఇంకా పోతుండగానే మాకు కుడిపక్కన నేల కుంగింది. చప్పుడు పెద్దగా రాలేదు. దుమ్ము మాత్రం చాలాసేపు లేచింది. అది అణిగాక చూస్తే పూచీబండి పోవలసిన దారిలో ఊరంత గుంత ఉంది. గంగమ్మ ఆ గుంతను చూసింది. ఈ వాక్యం రాయడానికి దానికి చాలాసేపు పట్టింది.

ఈ ఊట దగ్గర దిగగానే బండికి హారతి ఇచ్చారు. మా వంశానికి జే కొట్టారు. దస్తగిరి వెనక నిలబడి, బొబ్బలెక్కిన అరచేతులను లుంగీకి తుడుచుకుంటున్నాడు. నేను చెప్పబోతే డోలు వాయించారు.

ఊట: మణికట్టు లావు

హనుమక్క పసుపుగిన్నె పట్టుకుని వచ్చింది. వెనక ఇంకో నలుగురు పెద్దలు. కొత్త ముందుబండి మనిషి అరచేతులకు పసుపు రాయడం ఆచారం. వచ్చినవాళ్లు నా వైపు చూడలేదు. గంగమ్మ చేతులు చూశారు.

"మారెక్క మా ప్రాణాలు నిలిపింది," అంది హనుమక్క. "ఇంక మీ ఇంట్లో చేతులున్నది గంగమ్మకే. రామ్మే, చేతులు చాపు."

గంగమ్మ చాపబోయింది! అది చేస్తుందని నాకు తెలుసు. అది ఎవరికీ కాదని చెప్పదు. నేను బద్దలు కట్టిన చేత్తోనే గిన్నెను కొట్టాను. పసుపు నేల పాలైంది, నా నొప్పి ఆకాశానికంటింది.

"నేల మా వంశానికి పలకదు!" అన్నాను. "తెల్లమిట్ట మీద పలికింది దస్తగిరికి. చెప్పు దస్తగిరీ!"

దస్తగిరి చెప్పాడు. భయపడుతూనే, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎక్కడ నా చేతులు పోయాయో, ఎక్కడ తన చేతులకు గరగర తెలిసిందో అంతా చెప్పాడు. హనుమక్క తల ఊపుతూ విన్నది. విన్నాక ఏమందో తెలుసా?

"ఆమె చేతుల పక్కన నీ చేతులుండాయి కాబట్టి నీకు తెలిసిందిరా. ఆ రక్తం మహిమ అట్లాంటిది."

నాకు నవ్వు వచ్చింది. కోపం హద్దు దాటితే నవ్వే వస్తుందని అప్పుడు తెలిసింది. ఈ మనుషులకు కళ్లముందు కొండ కూలినా దాన్ని మా వంశం నెత్తినే పెడతారు. ఎందుకు పెట్టరు? నేల మా వంశానికే పలుకుతుందంటే పోయే చేతులు ఎప్పుడూ మావే. అందరికీ పలుకుతుందంటే వంతుకొచ్చే చేతులు అందరివీ. వాళ్లు మా రక్తానికి మొక్కడంలో ఎంత హాయి ఉందో!

"మా ఇంటి నుంచి ఇంక ఎవరూ ఎక్కరు," అన్నాను. "ప్రతి గూడు నుంచి ఒకరు ఎక్కండి. ఒక్కొక్కరూ ఒక్క ప్రయాణం. అప్పుడు ఎవరి చేతులూ పోవు. ఎక్కినవాళ్ల గూడే ఆ రోజు పూచీబండి."

"తెలియనోళ్లు ఎక్కితే అందరం చస్తాం," అన్నారొకరు.

"ఎర్రగుడ్డల మీద పోయి నేర్చుకోండి. దస్తగిరి ఒక్క పూటలో నేర్చుకున్నాడు. ఊట ఇంకా మణికట్టు లావుంది."

ఎవరూ ఒప్పుకోలేదు. తిట్టి పోయారు. పోతూ పోతూ ఒకామె కృతఘ్నురాలు అంది. ఎవరికి కృతఘ్నురాలినో అర్థం కాలేదు.

ఊట: చిటికెనవేలు

ఎవరూ ఎక్కలేదు. బండి మా గూడు ముందే ఉంది. రోజూ ఎవరో ఒకరు వచ్చి గంగమ్మను విడిగా పిలిచి మాట్లాడుతున్నారు. నీ అక్కకు మతి తప్పింది, నువ్వన్నా మంచిదానివి అని. గంగమ్మ నిన్న నాతో అంది: "నేను ఎక్కుతాలే అక్కా. ఎండపట్టాలు ఎవరన్నా నేర్చుకుంటారు."

ఎండపట్టాలు ఎవరైనా నేర్చుకుంటారట! బండి మాత్రం ఎవరూ నేర్చుకోకూడదట. దాని మీద కూడా అరిచాను. తప్పేనేమో. నువ్వు ఎక్కితే నేను బండి కింద పడుకుంటాను అన్నాను. అది ఏడ్చింది. రాయవే, ఏడ్చానని రాయి.

మామ మా ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు మా ఇంట్లో ముద్ద పెట్టించుకునేవాళ్లం ఇద్దరమయ్యాం.

ఊట: దారం

ఈ రోజు పొద్దున హనుమక్క ఒక్కతే వచ్చింది. పసుపుగిన్నె లేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, తలకు గుడ్డ చుట్టుకుని ఉంది. నేరుగా పోయి బండి ఎక్కింది. ఆమె వయసుకు కాలు అటు వేయడానికే రెండుసార్లు ప్రయత్నించింది. దస్తగిరి వెనక ఎక్కబోతే వద్దని చెయ్యి ఊపింది. రక్తం పక్కన లేకుండా, దస్తగిరి పక్కన లేకుండా, ఒంటరిగా చూడాలనుకుందేమో.

ఎర్రగుడ్డల వైపు పోయింది. బిడారంతా గూళ్లలోంచి తలలు బయటపెట్టి చూసింది. పోతూ పోతూ ఆమె నేలను తిట్టిన తిట్లు ఇక్కడిదాకా వినిపించాయి. మేము పుట్టినప్పటి నుంచీ ఆమె నోటి నుంచి అట్లాంటి మాటలు ఎవరూ వినలేదు. గుల్ల మీదుగా పోయింది, వచ్చింది. మళ్లీ పోయింది. ఈసారి నడిమధ్యలో ఉండగా హారన్ మోగింది. రెండు కూతలు. ఎర్రగుడ్డలు చూసి కొట్టిందనుకున్నాం. తర్వాత బండి గుడ్డలు లేనిచోటికి తిరిగింది, ఊటకు ఉత్తరాన, మేమెవరం ఇంకా చూడని నేల మీదికి. కొంతదూరం పోయాక అక్కడ కూడా రెండు కూతలు కొట్టింది. దస్తగిరి పరుగెత్తుకుంటూ పోయి అక్కడ కర్ర పాతాడు.

తిరిగి వచ్చి బండి దిగింది. దిగిందంటే, దస్తగిరి దింపాడు. వేళ్లు హ్యాండిల్ వదలకపోతే ఒక్కొక్కటీ విప్పాడు. ఆమె రెండు చేతులూ గడగడా వణుకుతున్నాయి. వాటిని ముఖం ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. నేను ఏదో ఒకటి అనడానికి సిద్ధంగా ఉన్నాను. మంచి మాటలే పోగేసి పెట్టుకున్నాను, ఒక్కొక్కటీ సూదిలాంటివి. ఆమె నా దగ్గరికి రాలేదు. మా మామ దగ్గరికి పోయి, నేల మీద ఆయనకు ఎదురుగా కూలబడింది.

"సుంకన్నా," అంది. "ఎన్నేండ్లు తోలినావప్పా దీన్ని?"

"లెక్క పెట్టలేదక్కా," అన్నాడు మామ.

ఆమె ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. వంగిపోయిన వేళ్లను విప్పడానికి ప్రయత్నించింది. అవి రాలేదు.

"నొచ్చేదా?" అని అడిగింది.

మామ చెబుదామని నోరు తెరిచాడు. తర్వాత మా మామ, మేము పుట్టిన తర్వాత ఒక్కసారి కూడా కంట తడి పెట్టని మనిషి, ఆ ముసలిదాని భుజం మీద తల పెట్టి చంటిపిల్లవాడిలా ఏడ్చాడు.

గంగమ్మ రాయడం ఆపింది. ఆపొద్దే, రాయి. మా అవ్వ కాలం నుంచీ హారతులు ఇచ్చారు, డోలు వాయించారు, తాంబూలాలు ఇచ్చారు, పసుపు రాశారు. నొచ్చేదా అని ఈ రోజు అడిగారు. పెద్ద అక్షరాలతో రాయి. ఏడుపు తర్వాత, ముందు ఇది రాయి.